బాబుకి ఏడీహెచ్‌డీ, పాపకి స్కూలంటే భయం: తప్పు పెంపకానిదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ముందు చెప్తాను, మిగతావాళ్ళకీ తెలుస్తుంది. ఏడేళ్ళ బాబుకి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని డాక్టరు చెప్పారు. మీ అత్తగారు "తల్లి ఉద్యోగానికి పోతే పిల్లలు ఇలాగే తయారవుతారు" అంటున్నారు, మీవారేమో తప్పంతా ఫోన్‌దే అంటున్నారు, దాని మీద ఇంట్లో రోజూ మాటా మాటా పెరుగుతోంది. ఈలోగా పదేళ్ళ పాప స్కూలు ఆటో వచ్చే వేళకి కడుపునొప్పి అంటూ కూర్చుంటోంది, స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ నార్మల్. ఇదంతా మా ఇంటి వాతావరణం వల్లే వచ్చిందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. బాబుకి ఏడీహెచ్‌డీ రావడానికి మీ ఉద్యోగం కారణం కాదు, ఫోన్ కూడా కాదు. పాప కడుపునొప్పికి మాత్రం ఇంట్లోనో స్కూల్లోనో జరుగుతున్నదానితో సంబంధం ఉండే అవకాశం బాగానే ఉంది (పాపను చూడకుండా ఖాయంగా చెప్పను, చెప్పకూడదు కూడా). పిల్లల సైకాలజిస్టుగా చాలా ఏళ్ళుగా వింటున్న ప్రశ్న "ఎందుకు వచ్చింది" అనేదే. "ఎందుకు తగ్గట్లేదు" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ రెండింటి జవాబులకీ చాలాసార్లు పొంతన ఉండదు. జబ్బు మొదలవడంలో వాతావరణం పాత్ర కొన్నింటికి కొంచెమే, కొన్నింటికి చాలా ఎక్కువ. మొదలైనది ముదరడంలోనో సర్దుకోవడంలోనో మాత్రం అన్నింటికీ ఎక్కువే, పైగా మీ చేతిలో ఉన్నది ఆ రెండోదే.

ముందు బాబు సంగతి. కవల పిల్లల మీద వేర్వేరు దేశాల్లో చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీ విషయంలో పిల్లల మధ్య కనిపించే తేడాల్లో 70 నుంచి 80 శాతం వంశపారంపర్యంగా వచ్చేవే. ఆటిజంలోనూ (నలుగురితో కలవడంలో, మాటల్లో ఇబ్బంది ఉండే ఎదుగుదల సమస్య) దాదాపు అంతే, డిప్రెషన్‌కి వచ్చేసరికి 40 శాతానికి అటూ ఇటూ. ఈ అంకెలు చూసి "మావాడి జబ్బులో 75 శాతం జీన్స్‌ది, 25 శాతం నాది" అని పంచుకోకండి, అది జనాభా మొత్తానికి వేసే లెక్క, ఒక పిల్లవాడికి వర్తించదు. ఇంకో పని చేయండి, మీవారు చిన్నప్పుడు ఎలా ఉండేవారో అత్తగారినే అడగండి. "వాడూ అంతే, ఒక్క చోట కుదురుగా కూర్చునేవాడా, తోకలేని కోతి" అనే జవాబు చాలా ఇళ్ళల్లో వస్తుంది. అది వచ్చాక గొడవ కాస్త చల్లబడటం కూడా చూశాను.

వాతావరణం అనగానే మనవాళ్ళకి పెంపకం ఒక్కటే గుర్తొస్తుంది. కానీ ఈ రంగంలో ఆ మాట కడుపులో ఉన్నప్పటి నుంచీ లెక్క. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం ఏడీహెచ్‌డీ అవకాశాన్ని పెంచుతాయి. ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భిణిగా ఉన్నప్పుడు వాడితే బిడ్డకు ఆటిజం వచ్చే అవకాశం పెరుగుతుంది (ఎవరైనా వాడుతుంటే సొంతంగా ఆపేయకండి, డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి). సీసం ఒంట్లోకి చేరితే తెలివి, ధ్యాస, కోపాన్ని ఆపుకునే శక్తి అన్నీ దెబ్బతింటాయి. సీసం కలిపిన పెట్రోలును మన దేశంలో 2000లో ఆపేశారు గానీ పాత బ్యాటరీలు కరిగించే చోట్ల, పాత ఇళ్ళ పెచ్చులూడే రంగుల్లో అది ఇంకా ఉంది. యూనిసెఫ్ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది, ఆ పిల్లల్లో చాలామంది మన దేశంలోనే ఉన్నారు. చుట్టుపక్కల బ్యాటరీ రిపేరు షెడ్డు ఉంటే డాక్టరుతో ఆ మాట అనండి, వాళ్ళంతట వాళ్ళు అడగడం అరుదు.

తల్లిని నిందించడం మన అత్తగార్లతో మొదలవలేదు, డాక్టర్లు కూడా చేశారు. ఆటిజాన్ని 1943లో మొదట వర్ణించిన లియో కానర్ ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని రాశాడు. తర్వాత బ్రూనో బెటెల్‌హైమ్ లాంటివాళ్ళు దాన్ని పట్టుకుని, తల్లి ప్రేమ చూపకపోవడమే కారణం అన్నంత దూరం తీసుకెళ్ళారు. ఏళ్ళ తరబడి అమెరికాలో తల్లులు ఆ నింద మోశారు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ బ్రిటన్‌లో 21 కవల జంటల్ని పరిశీలించారు. ఒకే పోలికతో, ఒకే జన్యువులతో పుట్టిన 11 జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది, పోలికలు వేరుగా ఉండే కవలలు 10 జంటల్లో ఒక్క జంటలోనూ ఇద్దరికీ లేదు. చిన్న అధ్యయనమే, కానీ ఆటిజంలో జన్యువుల పాత్ర ఎంతో బయటపెట్టింది అదే, ఆ తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాలు దాన్ని గట్టిపరిచాయి. టీకాల వల్ల ఆటిజం అన్న 1998 నాటి పేపరును దాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది, డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల్ని చూసి 2019లో కూడా సంబంధం లేదనే తేల్చారు, కాబట్టి దాని మీద ఇక్కడ వాదన వద్దు.

ఫోన్ గురించి. ఫోన్ ఎక్కువ చూస్తే "వర్చువల్ ఆటిజం" వస్తుందని వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో తెగ తిరుగుతోంది, అది డాక్టర్లు వాడే రోగ నిర్ధారణల్లో ఎక్కడా లేదు. ఫోన్ చేసే అసలు నష్టం వేరే. బిడ్డతో పెద్దవాళ్ళు మాట్లాడే సమయాన్ని మింగేస్తుంది, నిద్రని మింగేస్తుంది. నిద్ర చాలని ఏడేళ్ళవాడు మందకొడిగా ఉండడు, ఇంకా చెలరేగిపోతాడు, ఏడీహెచ్‌డీ ఉన్నవాడైతే చెప్పనే అక్కర్లేదు. ఆ వయసుకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. కాబట్టి మీవారు ఫోన్ తగ్గించమనడం సరైనదే, కారణం అదేననడమే సరికాదు. నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. రెండున్నరేళ్ళొచ్చినా మాటలు రాని బిడ్డను పట్టుకుని "ఫోన్ ఆపేశాం, అవే వస్తాయి" అంటూ ఏడాది ఆగి తీసుకొస్తారు. ఆ ఏడాదిలో వినికిడి పరీక్ష చేయించి థెరపీ మొదలుపెట్టి ఉండొచ్చు.

కారణం ఫలానాదని మనం నమ్మితే ఆ నమ్మకమే మన ప్రవర్తనను మారుస్తుంది. 1994లో అమెరికాలో ఒక చిన్న ప్రయోగం చేశారు. తీపి తింటే మా అబ్బాయి రెచ్చిపోతాడు అనే తల్లుల్ని తీసుకుని, సగం మందికి "మీవాడికి ఇప్పుడే బాగా చక్కెర ఇచ్చాం" అని చెప్పారు. నిజానికి ఒక్క పిల్లవాడికీ చక్కెర ఇవ్వలేదు. అయినా ఆ తల్లులు తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నారని మార్కులు వేశారు, పిల్లల్ని దగ్గర్నుంచి కనిపెట్టుకుని ఉన్నారు, ఎక్కువ తప్పులు పట్టారు. మీ ఇంట్లో ఇప్పుడు ఫోన్ పేరుతో, ఉద్యోగం పేరుతో జరుగుతున్నది దీనికి దగ్గరగానే ఉంది.

మరి వాతావరణం ఒక్కటే ఇలాంటి జబ్బు తెప్పించలేదా? తెప్పించగలదు, కానీ ఎంత దారుణమైన వాతావరణం కావాలో తెలియాలంటే రొమేనియా కథ వినాలి. 1966లో అక్కడి నియంత చౌషెస్కు జనాభా పెంచాలని అబార్షన్లను దాదాపుగా నిషేధించాడు. సాకలేని కుటుంబాలు పిల్లల్ని ప్రభుత్వ అనాథాశ్రమాల్లో వదిలేశాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేనాటికి అలాంటి చోట్ల లక్షకు పైగా పిల్లలున్నారు. వరసగా ఊచల మంచాలు, ఎంతోమంది పసివాళ్ళకి ఒక్క ఆయా, వేళకి సీసా పాలు, వేళకి గుడ్డలు మార్చడం, అంతే. ఎత్తుకునేవాళ్ళు లేరు, ఏడిస్తే పలికేవాళ్ళు లేరు.

వాళ్ళలో బ్రిటన్ కుటుంబాలు దత్తత తీసుకున్న 165 మందిని రట్టర్ బృందం చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనించింది. ఆరు నెలల లోపే బయటపడ్డ పిల్లలు మిగతా పిల్లల్లాగే ఎదిగారు. ఆరు నెలలు దాటి అక్కడే ఉన్నవాళ్ళలో చాలామందికి ధ్యాస నిలవకపోవడం, ఆటిజం లాంటి లక్షణాలు, ముక్కూముఖం తెలియని మనిషి వెంట కూడా వెళ్ళిపోవడం లాంటివి వచ్చాయి, మంచి ఇళ్ళల్లో పెరిగినా ఇరవై ఏళ్ళు దాటాక కూడా మిగిలాయి. తెలివితేటల్లో వెనకబాటు మాత్రం పెద్దయ్యేసరికి చాలావరకు పోయింది. ఇంకో సంగతి, అంత నరకంలో ఆరు నెలలకు మించి ఉన్నవాళ్ళలో కూడా సుమారు అయిదుగురిలో ఒకరికి ఏ సమస్యా కనిపించలేదు. ఎందుకో ఇప్పటికీ వెతుకుతున్నారు.

బుకారెస్ట్‌లో 2000లో మొదలైన మరో ప్రాజెక్టు ఇంకా లోతుకు వెళ్ళింది. ఛార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, ఛార్లెస్ జీనా అనే ముగ్గురు అనాథాశ్రమాల్లోని 136 మంది పసివాళ్ళను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని శిక్షణ ఇచ్చిన పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. నాలుగున్నరేళ్ళ వయసులో చూస్తే, ఆశ్రమంలో కొంతకాలమైనా గడిపిన పిల్లల్లో సగానికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉంది, మొదటి నుంచీ సొంత ఇళ్ళల్లో పెరిగిన పిల్లల్లో అది 22 శాతం. పెంపుడు కుటుంబానికి వెళ్ళిన పిల్లల్లో భయం, దిగులు లాంటి సమస్యలు ఆశ్రమంలో మిగిలినవాళ్ళతో పోలిస్తే సగానికి తగ్గాయి. ఏడీహెచ్‌డీ మాత్రం తగ్గలేదు! అదే ఇల్లు, అదే ఆప్యాయత, ఒక రకం సమస్యను సగం చేసింది, ఇంకో రకాన్ని కదపలేకపోయింది. మీ ఇద్దరు పిల్లలకూ నేను వేర్వేరు జవాబులు ఇచ్చింది ఇందుకే. సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి అన్నం కలిపి పెట్టే తల్లి జీవితానికీ, రొమేనియా ఆశ్రమానికీ పోలికే లేదని వేరే చెప్పాలా?

రొమేనియా పేరు ఎత్తాను కాబట్టి ఇది చదువుతున్న ఎన్నారై తల్లిదండ్రులకు ఒక మాట. ఏడాది కూడా నిండని బిడ్డను అమ్మమ్మ దగ్గర గుంటూరులోనో కరీంనగర్‌లోనో వదిలి, మూడేళ్ళకి తిరిగి అమెరికా తీసుకెళ్ళే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. అమ్మమ్మ దగ్గర బిడ్డకి ప్రేమకు లోటుండదు, ఆ రెండేళ్ళ గురించి నాకు బెంగ లేదు. బెంగంతా తిరిగి తీసుకెళ్ళే రోజు గురించి. ఆ రోజు బిడ్డ దృష్టిలో పోగొట్టుకుంటున్నది తన అమ్మనే, ఎక్కించుకుపోతున్నది ఫోన్లో కనిపించే ఎవరో ఇద్దరు. అమ్మమ్మను కూడా కొన్ని నెలలు వెంట తీసుకెళ్ళండి, వీసా కుదరకపోతే మీలో ఒకరు వచ్చి ఇక్కడే కొన్ని వారాలు బిడ్డతో ఉండి తర్వాత తీసుకెళ్ళండి. వెళ్ళాక పక్క తడపడం, మాట తగ్గడం, అతుక్కుపోవడం కనిపిస్తే గారాబం అనుకుని గదమాయించకండి.

పెంపకం అని మనం పిలిచేదాంట్లో డబ్బు, తీరిక ఎంత ఉన్నాయో చూపించిన ఉదంతం ఒకటుంది. అమెరికాలో నార్త్ కరోలినా కొండ ప్రాంతంలో జేన్ కాస్టెల్లో బృందం 1,420 మంది పిల్లల్ని ఏటా పరీక్షిస్తూ వచ్చింది, వాళ్ళలో పాతిక శాతం చెరోకీ తెగవాళ్ళు. మధ్యలో 1996లో ఆ తెగ సొంతంగా కేసినో తెరిచి, లాభంలో వాటా తెగలోని ప్రతి ఒక్కరికీ పంచడం మొదలుపెట్టింది. పేదరికం దాటిన ఇళ్ళల్లో పిల్లల మొండితనం, దెబ్బలాటలు, దొంగతనాలు నాలుగేళ్ళలో ఎప్పుడూ పేదరికం చూడని పిల్లల స్థాయికి దిగాయి. తల్లిదండ్రులకు పిల్లల్ని గమనించుకునే తీరిక దొరకడం దీనికి ముఖ్య కారణమని తేలింది. భయం, దిగులు మాత్రం మారలేదు. కాబట్టి రెండు షిఫ్టులు చేసే తండ్రిని "పిల్లల్ని పట్టించుకోడు" అనే ముందు కాస్త ఆలోచించాలి.

ఇంట్లో అరుపుల వల్లే పిల్లవాడు ఇలా అయ్యాడనేది కూడా తరచూ వినిపిస్తుంది. తిరగేసి చూడండి. 1979లో రస్సెల్ బార్క్‌లీ, ఛార్లెస్ కనింగ్‌హామ్ అతిచురుకు పిల్లలకు మందు ఇచ్చి తల్లుల్ని గమనించారు. పిల్లలు మాట వినడం పెరిగింది, దాంతో తల్లులు ఆజ్ఞలు, గదమాయింపులు తగ్గించారు. మందు వేసుకున్నది పిల్లలు, మారింది తల్లులు కూడా. అంటే అరుపుల్లో కొంత భాగం జబ్బుకు ఫలితం. అలాగని అరుపులు హాని చేయవని కాదు. పిల్లవాడి అల్లరికి మనం అరుస్తాం, దానికి వాడు ఇంకా రెచ్చిపోతాడు, మనం చెయ్యెత్తుతాం. ఏళ్ళ తరబడి ఇలా సాగితే ఉత్త ఏడీహెచ్‌డీతో మొదలైన పిల్లవాడు పన్నెండో ఏటికి ఎదిరింపు, అబద్ధాలు, స్కూలు ఎగ్గొట్టడం దాకా వెళ్తాడు. ఆపగలిగేది ఇక్కడే, తల్లిదండ్రులకిచ్చే శిక్షణ ఏడీహెచ్‌డీ వైద్యంలో ఎందుకు భాగమో దీన్నిబట్టే తెలుస్తుంది. మీ డాక్టరు మందు ఒక్కటే రాసి పంపిస్తే, శిక్షణ ఎక్కడ దొరుకుతుందని అడగండి.

ఇక పాప. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది పాపే, మీరు మాత్రం తన గురించి రెండు వాక్యాలే రాశారు. సమస్య ఉన్న పిల్లవాడి అక్క చాలా ఇళ్ళల్లో ఇలాగే పక్కకు వెళ్ళిపోతుంది. కడుపునొప్పి నాటకం కాదు, ఆందోళన పిల్లల్లో నిజంగానే కడుపులో నొప్పిగా, వికారంగా, తలనొప్పిగా వస్తుంది.

ముందు స్కూలు వైపు అడగండి. ఎవరైనా ఏడిపిస్తున్నారా, టీచరు కొడుతున్నారా, అందరి ముందూ నిలబెడుతున్నారా, ఆటోలో ఇబ్బందేమైనా ఉందా, బాత్రూముకి వెళ్ళడానికి భయపడుతోందా, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారా. ఈ చివరి ప్రశ్న అడగడానికి తల్లులు వెనకాడతారు, అడగాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది, కాబట్టి స్కూలుతో మాట్లాడేటప్పుడు ప్రాధేయపడే గొంతు అక్కర్లేదు.

స్కూల్లో ఏమీ లేదని తేలితే ఇంటి వైపు చూడండి. మీ గొడవలన్నీ పాప చెవిన పడుతున్నాయి, గొడవ దేని గురించో కూడా తనకు తెలుసు. తల్లిదండ్రుల తగాదాల మీద మార్క్ కమ్మింగ్స్ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, గొడవ పడటం కన్నా అది తేలకుండా నానడం పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తుంది, సర్దుకోవడం కళ్ళారా చూస్తే వాళ్ళ భయం బాగా తగ్గుతుంది. మనవాళ్ళు పిల్లల ముందు తగాదా పడి, గదిలోకి వెళ్ళి రాజీ పడతారు. పిల్లలకు సగమే తెలుస్తుంది. రాజీ కూడా వాళ్ళ ముందే పడండి.

కడుపునొప్పి అనగానే మానిపించేస్తున్నారేమో కూడా చూసుకోండి. ఆ రోజుకి నొప్పి పోతుంది, మర్నాటికి భయం పెరుగుతుంది. అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం 2019లో ప్రచురించిన ప్రయోగంలో ఆందోళన ఉన్న 124 మంది పిల్లల్లో కొందరికి నేరుగా థెరపీ ఇచ్చారు, మిగతావాళ్ళ విషయంలో పిల్లల్ని కలవకుండా తల్లిదండ్రులకే నేర్పించారు. భయానికి లొంగి మనం చేసే సర్దుబాట్లు మెల్లగా తగ్గించుకుంటూ, "నీకు భయంగా ఉందని తెలుసు, తట్టుకోగలవని కూడా తెలుసు" అని ధైర్యం చెప్పడం, అంతే. రెండు పద్ధతులూ సమానంగా పనిచేశాయి. పాప విషయంలో మొదట మొదటి రెండు పీరియడ్లకే పంపండి, వారానికి కాస్త పెంచుకుంటూ పోండి, క్లాస్ టీచరుకు ముందే చెప్పి ఉంచండి.

చివరిగా మీ గురించి. "రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, ఏడుపు ఆగడం లేదు" అని మధ్యలో ఎక్కడో రాసి వదిలేశారు. దాన్ని వదలకండి. డిప్రెషన్‌తో చికిత్సకు వచ్చిన తల్లుల పిల్లల్ని మర్నా వైస్‌మన్ బృందం గమనించి 2006లో ప్రచురించింది. మూడు నెలల్లో తల్లికి డిప్రెషన్ తగ్గిన ఇళ్ళల్లో, మానసిక సమస్య ఉన్న పిల్లలు 35 శాతం నుంచి 24కి తగ్గారు. తల్లికి తగ్గని ఇళ్ళల్లో 35 నుంచి 43కి పెరిగారు. ఆ అధ్యయనంలో వైద్యం ఇచ్చింది తల్లికే. ఇక్కడ కూడా "అయితే తప్పు నాదే" అనుకోకండి, మీ వైద్యం పిల్లల వైద్యంలో భాగమని మాత్రమే నేననేది.

ఎక్కడికి వెళ్ళాలంటే, హైదరాబాద్ దగ్గర్లో ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు అక్కడ పరీక్షలు, థెరపీ ఉంటాయి. జిల్లాల్లో ఉన్నవాళ్ళు ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల సమస్యల్ని ముందే గుర్తించే కేంద్రం ఎక్కడుందో అడగండి, డీఈఐసీ అంటే తెలుస్తుంది. మీకోసమైతే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. పాప నోట చచ్చిపోతాను, నేను లేకపోతే బాగుండు లాంటి మాట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు బాబు స్కూలు నోట్సు ఒకటి, టీచరు రాసిచ్చిన నాలుగు ముక్కలు, పిల్లలిద్దరూ ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేస్తున్నారో వారం రోజుల లెక్క, పాపకి కడుపునొప్పి వచ్చిన రోజులూ రాని రోజులూ (ఆదివారాలు, సెలవులతో సహా) రాసిన కాగితం పట్టుకెళ్ళండి. వీలైతే మీవారినీ అత్తగారినీ కూడా తీసుకెళ్ళండి. బాబు మందు డోసు గురించి ఇక్కడ ఎవరు ఏం సలహా ఇచ్చినా, నేనిచ్చినా సరే, పట్టించుకోకండి, అది వాణ్ణి చూస్తున్న డాక్టరే చెప్పాలి.